ఎర్ర గాజు అంకెలు

ఆమెకి అసలు పేరు ఒకటుంది కానీ, దాంతో ఎవరికీ పెద్దగా పని పడలేదు. వీధిలో కూరగాయల మనిషి దగ్గర్నుంచి పోస్ట్‌మాన్ దాకా అందరికీ ఆమె ఎండక్కే. ఎండని కొలిచే ఉద్యోగం కాబట్టి ఆ పేరు వచ్చింది. పొద్దున ఎనిమిదిన్నరకి అన్నం డబ్బా, గొడుగు పట్టుకుని వాతావరణ ఆఫీసు మెట్లు ఎక్కడం మొదలుపెడితే, ఎనభై నాలుగో మెట్టు దగ్గర డాబా వస్తుంది. ఆ గొడుగు ఆమె కోసం కాదు, రిజిస్టరు కోసం. మండుటెండలో తెల్ల కాగితం చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకని పుస్తకాన్ని నీడలో పెట్టి, తను ఎండలో నిలబడేది. పందొమ్మిదేళ్ళుగా ఒకే వైపు తిరిగి నిలబడినందుకు ఆమె కుడి చెంప ఎడమ చెంప కంటే ఓ చాయ తక్కువ.

"వాన పడుతుందా అక్కా?" అని అడిగేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళు మంట. వాన సంగతి కింది అంతస్తు వాళ్ళనడగండి, నా శాఖ ఎండ, అని విసుక్కునేది. విసుక్కున్నా, బట్టలు ఆరేసుకునే ఇల్లాళ్ళకి మాత్రం ఇవాళ ఆరతాయో లేదో చెప్పి పోయేది. ఆ జోస్యం తప్పిన రోజులు తక్కువ.

డాబా మీద ఆమె పరికరం ఒక ఇత్తడి గొట్టం. చూడ్డానికి బొంగులాగా ఉంటుంది. సూర్యుడి వైపు సూటిగా గురి పెడితే, ముందున్న గాజు కిటికీలోంచి ఎండ లోపలికి దిగి, అడుగున ఉన్న నల్లటి బిళ్ళని వేడెక్కిస్తుంది. ఎంత వేడెక్కిందో పక్కనున్న మీటరు ముల్లు చెబుతుంది. తొమ్మిదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి ఆ అంకె రాయాలి. ప్రతిసారీ ముందు గాజు తుడవాలి. ఉద్యోగమంతా ఇంతే. ఇంతేగా అనుకునేవాళ్ళు ఒక్క వారం చేసి చూడాలి.

గాజు తుడిచే గుడ్డలు ఆమె భర్త ఇచ్చేవాడు. ఆయన దర్జీ. ఇంటి ముందు గదిలోనే కొట్టు. చిన్నప్పటి నుంచీ ఎడమ కాలు సన్నం కాబట్టి కుడి కాలితోనే మిషను తొక్కుతాడు. ఎనభై నాలుగు మెట్లు ఎక్కలేక, భార్య పనిచేసే చోటు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. కానీ అరచెయ్యంత నూలు ముక్కలు కత్తిరించి, దారం పోగు రాలకుండా చుట్టూ మడిచి కుట్టి, నెలకి నాలుగు చొప్పున ఆమె డబ్బా సంచిలో పెట్టేవాడు. "ప్రభుత్వం సూర్యుణ్ణి కొలుస్తోందంటే అందులో నా గుడ్డ కూడా ఉంది" అని కొట్టుకొచ్చిన వాళ్ళందరితో గొప్పలు పోయేవాడు. విన్నవాళ్ళు నవ్వితే ఇంకో రెండు మాటలు కలిపేవాడు.

ఆ వేసవి చివర్లో ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. గడచిన రెండున్నర నెలల్లో, మబ్బులేని రోజుల్లో కూడా మీ స్టేషను అంకెలు వందకి నాలుగు చొప్పున తగ్గాయి, పరికరం గాజు సరిగ్గా శుభ్రం చేయడం లేదని అనుమానంగా ఉంది, గురువారం ఇన్‌స్పెక్టరు వస్తున్నారు, అని దాని సారాంశం. శుభ్రత లోపం రుజువైతే వేసవి అంకెలన్నీ కొట్టేస్తారట. అంతకు ముందు రాసినవాటి పక్కన కూడా "సందేహాస్పదం" అని ముద్ర వేస్తారట.

అరికాలి మంట నెత్తికెక్కింది ఎండక్కకి. పందొమ్మిదేళ్ళు. జ్వరంతో ఎక్కింది, కడుపుతో ఉన్నప్పుడు ఆయాసపడుతూ ఎక్కింది, అమ్మ పోయిన నాలుగో రోజున కూడా ఎక్కింది. ఆ పుస్తకాల్లో ఆమె బతుకు ఉంది. దాని మీద ఒక ముద్ర వేసి మూల పడేస్తారట. అక్కడికక్కడే కింది అంతస్తుకి దిగి, ఫోను తీసి, ఇన్‌స్పెక్టరుతో మాట్లాడింది.

గాజు శుభ్రంగానే ఉంది సార్, ఈ ఏడు సముద్రం మీది గాలి నెల ముందే తిరిగింది, గాలిలో ఆవిరి ఎక్కువైంది, ఎండని అదే తాగేస్తోంది, అని చెప్పింది. ఇన్‌స్పెక్టరు గొంతు చిన్న వయసుది. మర్యాదగానే మాట్లాడాడు. మీరు కింద పెట్టే తడి థర్మామీటరు నేల మీది తేమనే చెబుతుందమ్మా, పైన మైళ్ళ మేర గాలిలో ఎంత ఆవిరి ఉందో దానికేం తెలుస్తుంది, అన్నాడు. అదీ నిజమే. నిజం కావడంతో ఆమె కోపం రెట్టింపైంది.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే కొట్టులో బల్ల మీద కూర్చుంది. ఆయన మిషను ఆపాడు. గుండీలు కుడుతున్న ఆడపడుచు సూది ఆపింది. ఆ అమ్మాయి అన్నగారి కొట్టులోనే పనిచేస్తుంది, నోరు కాస్త పెద్దది, మనసు మంచిది. విషయం విని ముందు ఆ ఇన్‌స్పెక్టరు వంశాన్ని రెండు తరాల వెనక్కి తిట్టింది. తర్వాత, "మరి ఆవిరని నువ్వెలా చెప్పగలవు వదినా? మబ్బు కూడా లేదు కదా" అంది.

అప్పుడు ఎండక్కకి పెద్దసారు గుర్తొచ్చాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయనే పని నేర్పాడు. ఇప్పుడు లేడు. ఒక మధ్యాహ్నం టీ కెటిల్ మూతి చూపించి, ఆవిరెక్కడుందో చెప్పమన్నాడు. ఆమె తెల్లటి పొగని చూపించింది. కాదన్నాడు. "అది అప్పటికే నీటి తుంపర అయిపోయింది. మూతికీ ఆ పొగకీ మధ్య వేలెడు ఖాళీ ఉంది చూశావా, ఏమీ కనపడనిచోట? అసలు ఆవిరి అక్కడుంది" అన్నాడు. ఆకాశం నిండా అలాంటి ఆవిరి ఉంటుందనీ, కంటికి ఆకాశం అద్దంలా ఉన్నా అది తన పని తాను చేసుకుపోతుందనీ చెప్పాడు. దానికి ఎండలో అన్నీ నచ్చవు. నీలం, ఆకుపచ్చ కిరణాల జోలికి పెద్దగా పోదు. ఎరుపు చివర, ఎరుపు దాటాక కంటికి కనపడని వేడి కిరణాలుంటాయే, వాటిలో కొన్నిటిని ఏరి ఏరి మింగుతుంది. మింగిన వేడితో గాలి వెచ్చబడుతుంది, నేలకి ఆ మేరకి తగ్గుతుంది.

అందుకే గొట్టానికి ఒక చిన్న చక్రం, దాని మీద ఎర్ర గాజు ఉండేవి. మొదట మామూలుగా అంకె రాసి, తర్వాత చక్రం తిప్పి ఎర్ర గాజు అడ్డం పెట్టి ఇంకో అంకె రాయాలి. ఎర్ర గాజు నీలం పక్క కిరణాల్ని ఆపేసి, ఎర్ర పక్కనే పోనిస్తుంది. మొత్తం లోంచి దాన్ని తీసేస్తే నీలం పక్క మిగులుతుంది. ఆకాశంలో దుమ్ముంటే నీలం పక్క ముందు దెబ్బతింటుంది. ఆవిరి ఉంటే ఎర్ర పక్క తగ్గుతుంది. గాజు మీద మురికి ఉంటే రెండు పక్కలా ఒకేలా తగ్గుతుంది, మురికికి రంగుల తేడా ఉండదు కాబట్టి. ఎవరు దొంగో దొరికిపోతాడు.

తొమ్మిదేళ్ళ కిందట ప్రధాన కార్యాలయం ఎర్ర గాజు అంకె ఇక అక్కర్లేదంది. ఫారంలో ఆ గడి తీసేసింది. స్టేషన్లన్నీ హమ్మయ్య అనుకుని మానేశాయి. ఎండక్క మానలేదు. పెద్దసారు మీద గౌరవం కొంత, అలవాటు ఎక్కువ. మొదటి అంకె రాయగానే ఆమె చెయ్యి దానంతటదే చక్రం మీదికి పోయేది. గడి లేదు కాబట్టి మార్జిన్‌లో పెన్సిలుతో చిన్నగా రాసుకునేది. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు.

మంగళవారం ఆఫీసులో అనుమతి తీసుకుని, రిజిస్టరు ఇంటికి తెచ్చుకుంది. సాయంత్రం వెలుతురుండగానే బట్టలు కత్తిరించే బల్ల మీద పరిచి లెక్క మొదలుపెట్టింది. ఆయన ఒక పక్క కొలతల టేపు అంచుతో గీతలు గీసి పెట్టాడు. ఆడపడుచు తీసివేతలు చేసి పెట్టింది, రెండుసార్లు తప్పు చేసి తిట్లు కూడా తింది. ఒక్కో రోజుదీ ఒక్కో చుక్క పెడుతూ పోయారు. ఎర్ర పక్క చుక్కలు గాలి తిరిగిన వారం నుంచే కిందికి దిగాయి. నీలం పక్క చుక్కలు మాత్రం పాత ఎత్తులోనే, టేపు పెట్టి గీసినట్టు నిలబడ్డాయి. గాజు మురికైతే అవి కూడా దిగాలి కదా. ఎండక్కకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె అట్టే ఏడ్చే మనిషి కాదు.

ఆ సంబరం పావుగంట కూడా నిలవలేదు. వేసవి రెండో నెల మూడో తారీఖు దగ్గర నీలం చుక్క దభీమని కిందికి పడింది. నాలుగునా అంతే. ఐదునా అంతే. పదమూడు దాకా, పదకొండు రోజులు, రెండు పక్కలూ ఒకేలా దిగిపోయి ఉన్నాయి. పద్నాలుగున నీలం మళ్ళీ తన ఎత్తుకి వచ్చేసింది.

అంటే ఆ పదకొండు రోజులూ గాజు నిజంగానే మురికి.

రోజుకి మూడుసార్లు తుడిచింది. ఒట్టు పెట్టి చెప్పగలదు. తుడవకుండా అంకె రాసిన పూట ఒక్కటి లేదు. మరి ఇదేమిటి? లెక్క మళ్ళీ చేసింది. ఆడపడుచుని పక్కకి తోసి తనే చేసింది. మారలేదు.

ఆయన టేపు పక్కన పెట్టి మెల్లిగా అన్నాడు. "రెండో తారీఖున మిషను మెకానిక్ వచ్చాడు." ఆమె తల ఎత్తింది. ఆ రోజు మిషనంతా విప్పి నూనె పోశారు. బల్ల మీదున్న గుడ్డ ముక్కలతో మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. ఆయన వాటిని ఉతికి, ఆరేసి, అందులో మెత్తగా ఉన్న నీలం ముక్కని మడిచి కుట్టి, మర్నాడు ఆమె సంచిలో పెట్టాడు. మిషను నూనెకి రంగుండదు, ఉతికితే పోయిందనే అనుకున్నాడు.

నీలం గుడ్డ. గుర్తొచ్చింది ఆమెకి. పదమూడో తారీఖు సాయంత్రం అది గాలికి ఎగిరి పక్క డాబా మీద నీళ్ళ గొట్టానికి చుట్టుకుంది. పోతేపోయిందని మర్నాడు పాత గుడ్డ తీసింది. బుధవారం పొద్దున ఆ పక్క డాబా వాళ్ళని బతిమాలి పైకెక్కి చూస్తే, నెల రోజుల దుమ్ము పట్టి అక్కడే ఉంది. మడత లోపలి భాగం ఇంకా శుభ్రంగానే ఉంది. సాయంత్రం ఇంటికి తెచ్చి, దాంతో ఆయన కళ్ళజోడు ఒక అద్దం తుడిచి, వెలుతురుకి ఏటవాలుగా పట్టింది. అద్దం మీద సన్నటి జిడ్డు పొర లేచింది. ఆమె తుడిచిన కొద్దీ గాజు మురికైందన్నమాట. ఆ పదకొండు రోజులు ఇంకాస్త బద్ధకంగా ఉండి ఉంటే బాగుండేది, పాపం.

ఆయన ముఖం చూడలేకపోయింది. మనిషి ఒక్కసారిగా కుంచించుకుపోయాడు. పందొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగంలో ఆయన వాటా అదొక్కటే. ఆ కళ్ళజోడు తుడుచుకోకుండానే పెట్టుకుని, కనపడీ కనపడని సూదిలోకి దారం ఎక్కించడానికి తిప్పలు పడుతూ కూర్చున్నాడు.

ఆడపడుచు ఊరుకునే రకం కాదు. అన్నగారి సుద్ద పెట్టెలోంచి రబ్బరు తీసి వదిన ముందు పెట్టింది.

"పెన్సిలే కదా వదినా. ఆ పదకొండూ చెరిపేసి, ఆ రోజుల్లో ఎర్ర గాజు అంకె తీసుకోలేదని చెప్పు. ఎలాగూ అక్కర్లేదని వాళ్ళే అన్నారుగా. నీ పేరూ నిలుస్తుంది, అన్నయ్య పేరూ బయటికి రాదు."

అబద్ధమే, కానీ చిన్నదే. ఎండక్క రబ్బరు చేతిలోకి తీసుకుంది. మూడో తారీఖు అంకె మీద ఆనించింది కూడా. ఆనించి, అలాగే ఉండిపోయింది. చెరిపితే ఎవరికీ తెలీదు. చెరపకపోతే ఆ కుర్ర ఇన్‌స్పెక్టరు చేతికి తనే కర్ర అందించినట్టు. పదకొండు రోజులు మురికని ఒప్పుకున్న మనిషి మిగతా రోజులు శుభ్రంగా ఉంచిందని ఎవడు నమ్ముతాడు? అందరి మీదా కోపం వచ్చింది ఆమెకి, మెకానిక్ మీద, గాలి మీద, చచ్చిపోయిన పెద్దసారు మీద కూడా. కానీ ఎర్ర గాజు తన తరఫున మాట్లాడినంతసేపూ సంబరపడి, ఎదురు చెప్పగానే దాని నోరు నొక్కడం ఆమెకి చేతకాలేదు. ఆ అంకెలు రాసిన చేత్తో చెరపడం మరీ చేతకాలేదు. రబ్బరు తీసుకెళ్ళి పెట్టెలో పడేసింది.

గురువారం పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎనభై నాలుగు మెట్లూ ఎక్కేసరికి ఆయాసం వచ్చి, డాబా మీద ఐదు నిమిషాలు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆమెకి జాలేసి మంచినీళ్ళు ఇచ్చింది. గాజుని వేలితో రాసి చూశాడు, శుభ్రంగా ఉంది. ఇవాళ వస్తున్నానని తెలుసు కాబట్టి అలాగే ఉంటుంది, అన్నట్టు తల ఊపాడు. అతని ఫారంలో "శుభ్రత లోపం" అన్న మాట ముందే రాసి ఉండడం ఆమె గొడుగు కిందనుంచి చూసింది.

ఏమీ అనకుండా చుక్కల కాగితం అతని ముందు పరిచింది. ఎర్ర పక్క, నీలం పక్క, తేదీలు. అతను మొదట నిలబడి చూశాడు, తర్వాత కూర్చుని చూశాడు. ఈ ఎర్ర గాజు అంకెలు ఎక్కడివని అడిగాడు. మార్జిన్ చూపించింది. తొమ్మిదేళ్ళవి ఉన్నాయని చెబితే నమ్మలేనట్టు పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. అన్ని పేజీల్లోనూ చీమల బారులా పెన్సిలు అంకెలు ఉన్నాయి. మళ్ళీ కాగితం దగ్గరికొచ్చి, వేలు ఆ పదకొండు చుక్కల మీద ఆపాడు.

"ఇవి ఆవిరి కాదు కదా అమ్మా?"

"కాదు సార్. అది గాజు మురికే." సంచిలోంచి నీలం గుడ్డ తీసి అతనికిచ్చింది. నూనె సంగతి చెప్పింది. ఆ గుడ్డ ఎక్కడిదో మాత్రం చెప్పలేదు.

అతను గుడ్డ మడత విప్పి, వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. ఒక అడుగు, ఒక ఈడుపు. ఒక అడుగు, ఒక ఈడుపు. ఎవరిదో ఆ చప్పుడు ఆమెకి వేరే చెప్పక్కర్లేదు, ఇంట్లో ఇరవై నాలుగేళ్ళుగా వింటోంది. తలుపు దగ్గరికి పరిగెత్తేసరికి, ఆడపడుచు భుజం మీద బరువంతా వేసి ఆయన డాబా మీదికి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో ఉడకబెట్టి ఆరేసిన తెల్ల గుడ్డల కట్ట ఉంది.

ఊపిరి అందాక ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "అయ్యా, గుడ్డ నాది. నేనే ఇచ్చాను. మా ఆవిడ పని మానలేదండి. రోజూ తుడిచింది. నా గుడ్డతో తుడవడమే ఆమె చేసిన తప్పు."

ఇన్‌స్పెక్టరు లేచి తన కుర్చీ ఆయనకిచ్చాడు. తర్వాత నిలబడే తన ఫారంలో ముందే రాసిన మాట కొట్టేశాడు.

"ఈ పదకొండు రోజులూ కొట్టేయాల్సిందే" అన్నాడు ఆమెతో. "మిగతావన్నీ ఉంటాయి. చుక్కలన్నీ చక్కగా నిలబడి ఉంటే, నన్ను నమ్మించడానికి ఇంట్లో కూర్చుని రాసుకొచ్చారనే అనుకునేవాణ్ణి అమ్మా. మీ తప్పు కూడా పట్టించిన అంకెలివి. వీటిని కాదనడం నా వల్ల కాదు."

తొమ్మిదేళ్ళ మార్జిన్లూ నకలు తీసి పంపమన్నాడు. ఇంకే స్టేషనూ ఇవి ఉంచలేదట. తర్వాత గొంతు కాస్త తగ్గించాడు. ఎర్ర గాజు గడి తీసేసిన ఆదేశం తన ఆఫీసు నుంచే వెళ్ళిందని ఒప్పుకుని, దాన్ని మళ్ళీ పెట్టించే ప్రయత్నం చేస్తానన్నాడు. చేస్తాడో లేదో ఎండక్కకి తెలీదు. ఆఫీసుల సంగతి ఆమెకి కొత్త కాదు. గడి ఉన్నా లేకపోయినా తన చెయ్యి చక్రం తిప్పుతుందని మాత్రం తెలుసు.

అతను దిగి వెళ్ళాక, ఆ పదకొండు రోజుల మీద తనే స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత కొట్టింది. పక్కన కారణం రాసి సంతకం చేసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వంగి చదివాడు. "తుడిచే గుడ్డలో నూనె. పొరపాటు పరిశీలకురాలిది."

"గుడ్డ నాది కదా" అన్నాడు.

"తుడిచిన చెయ్యి నాదండీ" అంది.

ఆయన ముఖం పక్కకి తిప్పుకుని, పందొమ్మిదేళ్ళుగా మాటల్లోనే విన్న ఆ ఇత్తడి గొట్టాన్ని చూస్తూ కూర్చున్నాడు. పన్నెండు కావస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆమె గొడుగు తెరిచి రిజిస్టరు మీద కాకుండా ఆయన మీద పెట్టింది. కట్టలోంచి ఒక తెల్ల గుడ్డ తీసి ఆయన చేతికే ఇచ్చి, గాజు చూపించింది. ఆయన పసిపిల్ల ముఖం తుడిచినట్టు, మెల్లగా తుడిచాడు. ఆమె అంకె రాసింది, చక్రం తిప్పింది, ఎర్ర గాజు అంకె మార్జిన్‌లో రాసుకుంది.